పక్కన పెట్టిన ఫిల్ము పెట్టె

జావా దీవిలోని జోగ్జా ఊళ్ళో, అచ్చు ప్రెస్సులన్నీ మూతపడ్డ ఆ సందులో ముసలి కస్మిజాన్ ప్రెస్సు సామాన్ల కొట్టు ఒక్కటే ఇంకా తలుపు తీసి ఉంది. ముంటిలాన్ నుంచి బస్సెక్కి వచ్చిన పుర్వాది టీ గ్లాసు ముందు కూచుని అరగంటైంది. వచ్చిన పని మాత్రం ఇప్పుడే నోట్లోంచి ఊడిపడింది.

"ఫిల్మా? ఏ ఫిల్ము బాబూ?"

"అదే పెద్దాయనా... ప్రెస్సు వాళ్ళు వాడేవాళ్ళు చూడండి, నలుపూ తెలుపూ తప్ప మధ్య రంగు పట్టనిది. పెద్ద షీట్లు."

"ఈ కాలంలో ప్రెస్సు పెట్టావా ఏంటి, కొంపతీసి?"

"అబ్బే. సర్క్యూట్ బోర్డులు చేస్తాం... చేస్తాడు. నా స్నేహితుడొకడు. ఇంట్లోనే. గీసిన గీతల్ని ఫిల్ము మీదకెక్కించి, దాన్ని మందు పూసిన రాగి పలక మీద పెట్టి ఎండ చూపిస్తాడు."

"దానికి ఫిల్మెందుకు? ప్రింటర్లో ప్లాస్టిక్ కాగితం మీద తీసుకోమను. ఇప్పుడందరూ అదేగా."

"తీశాడు. ఆ నలుపు నలుపు కాదు పెద్దాయనా. సందుల్లోంచి వెలుతురు దూరి సన్న గీతలన్నీ తెగిపోతున్నాయి. సైరను కదా, ఒక్క గీత తెగినా మోగదు."

"సైరనా?"

"మా... వాళ్ళ ఊరి వాగుకి. మెరాపి అగ్నిపర్వతం మీద వాన పడితే బూడిద బురద ఒక్కసారిగా దిగుతుంది. పై ఊళ్ళో నీళ్ళు పెరగ్గానే కింద ఊళ్ళో మోగాలి. వానలకి ఇంక మూడు వారాలే ఉంది."

"మంచి పనే. టీ చల్లారిపోతోంది, తాగు."

"తాగుతాను. ఫిల్ము..."

"నా దగ్గరుందని ఎవరు చెప్పారు నీకు? నా సరుకు చెడ్డదని ఊరందరికీ తెలుసే."

"అదీ... ఎక్కడా దొరకలేదు. సోలో ఊరంతా తిరిగాడు, సెమరాంగ్ తిరిగాడు. ఇప్పుడంతా కంప్యూటర్లోంచి నేరుగా ప్లేటు మీదకే, ఫిల్మెక్కడిదీ అని నవ్వి పంపేశారు. చివరికి ఎవరో మీ పేరు చెప్పారు."

"గుంపులో చూళ్ళేదా మీవాడు? రేడియోలు బాగుచేసే వాళ్ళ వాట్సాప్ గుంపు. రెండొందల మంది ఉంటారు. ముంటిలాన్ మేష్టారొకాయన రాశాడందులో. పుర్వాది అని. 'కస్మిజాన్ కాలం చెల్లిన ఫిల్ము అంటగట్టాడు, ఎవరూ కొనకండి' అని."

"చూశాడో లేదో. నాకు తెలీదు."

"ఆయన్ని తప్పు పట్టను బాబూ. బస్సులో పార్సిల్ పంపాను. షీటు షీటూ కడిగే మందులో వెయ్యగానే నల్లబడిపోయిందట. మేష్టారు ఊరికే అంటాడా? నేనే చూసుకోవలసింది."

"మీరు... ఒక్క మాట అడగాల్సింది ఆయన్ని. ఎలా వాడారు, ఏమిటీ అని."

"బాగుంది! మేష్టార్ని పట్టుకుని నీకు చేతనవునా అని అడగమంటావా? ఎర్ర దీపం కిందే విప్పాలని చదువుకోని నాకే తెలుసు, ఆయనకి తెలీదూ?"

"ఎర్ర దీపం."

"మరి? పసుపు దీపమైనా సరే, దీనికి ఎండతో సమానం. మీ రాగి పలకలకి పసుపు ఫరవాలేదట కదా, ఎవరో అన్నారు. దీనికి మాత్రం ససేమిరా పనికిరాదు. నీ స్నేహితుడికి చెప్పు."

"చెప్తాను."

"ఏంటలా చెమటలు పోస్తున్నాయి? ఫ్యాను పెట్టనా?"

"వద్దు, వద్దు. పెద్దాయనా, ఆ రకం పెట్టెలు ఇంకా ఉండాలి కదా? అదే లాటువి?"

"పదకొండుండేవి. వాకిట్లో చాప పరిచి, పట్టపగలు ఎండలో ఒక్కొక్కటే విప్పేశాను."

"విప్పేశారా!"

"దాచుంచితే, రేపు నేను పోయాక మా అల్లుడు ఎవరికో అంటగడతాడు. నలభై ఏళ్ళ పేరు ఒకసారి పోయింది చాలు, రెండోసారి కూడానా?"

"అయ్యో, ఒక్క షీటైనా కడిగి చూడాల్సింది!"

"దేంతో కడగను? మందులు లేవు. కెమెరా అమ్మేశాను. చీకటి గదిలో ఇప్పుడు మనవరాలు పడుకుంటోంది. అయినా మేష్టారే చూసి చెప్పాక మళ్ళీ నేను చూసేదేముంది? మా ఆవిడ తుమినా అయితే ఆర్నెల్లుగా ఆడవాళ్ళ చీటీకి కూడా వెళ్ళడం లేదు. 'మీ ఆయన దగ్గర కుళ్ళు సరుకుంటుందటగా' అని ఎవరో అన్నారట. నవ్వుతూనే అన్నారట."

"ఆర్నెల్లుగానా..."

"పోనీలే. బజ్జీ తీసుకో, అరటిపండు బజ్జీ. తను చేసిందే."

"వద్దండీ. నేను వెళ్తాను. ఎలాగూ లేదన్నారుగా."

"లేదని ఎప్పుడన్నాను? ఒక పెట్టె ఉంది. వేరే లాటుది. కానీ అమ్మకానికి కాదు."

"మరి?"

"ఆ పుర్వాది మేష్టారిది. చెడ్డది పంపించాక బదులివ్వద్దూ? పేరు రాసి పక్కన పెట్టాను. ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తలేదు. ఎప్పుడొస్తే అప్పుడే ఇస్తాను."

"రాకపోతే?"

"అలాగే ఉంటుంది."

"వాగు కోసమన్నాను కదా పెద్దాయనా. మూడు వారాలు..."

"నాకర్థమైంది బాబూ. కానీ ఇంకొకరిదాన్ని నేనెలా తీసిస్తాను చెప్పు?"

"నేనే."

"నువ్వే ఏంటి?"

"పుర్వాదిని. ముంటిలాన్ మేష్టార్ని. స్నేహితుడూ లేడు, ఎవడూ లేడు."

"అయ్యయ్యో, మీరా మేష్టారూ! ఇంతసేపూ నువ్వు నువ్వు అంటున్నాను, తప్పయిపోయింది! తుమినా, మేష్టారొచ్చారు, వేడిగా ఇంకో టీ! ముందే చెప్పకూడదూ మీరు? అవున్లెండి, నన్ను మొహం మీద అనలేకపోయారు. ఎంత మంచి మనసండీ మీది."

"అది కాదు, పెద్దాయనా..."

"ఇదిగో. చూడండి, పేరు సరిగ్గా రాశానా? తీసుకెళ్ళండి. మన్నించాను అని ఒక్క మాట అనండి, చాలు నాకు."

"నేనా? మన్నించడమా?"

"అనకపోయినా ఫరవాలేదు. మీకు బస్సు టైమవుతోంది. వానలొచ్చేలోపు ఆ సైరను మోగాలి."

"అయితే... వస్తాను."

"మంచిది మేష్టారూ. జాగ్రత్త, ఎండ తగలనీకండి. అదేంటి, చెప్పులేసుకున్నవారు మళ్ళీ విప్పారేం? ఏదైనా మర్చిపోయారా?"

"మా గదిలో దీపం, పెద్దాయనా."

"ఏ దీపం?"

"పసుపుది. రాగి పలకలకి వాడేది. దాని కిందే విప్పాను మీ పెట్టె. మీ సరుకు మంచిదే. నల్లబరిచింది నేను."

"పసుపు దీపమా."

"నాలుగు నెలలైంది నాకు తెలిసి. ఒక పాత పుస్తకంలో చదివాను. గుంపులో రాయడానికి సిగ్గేసి ఊరుకున్నాను. మీ ఫోను కూడా అందుకే ఎత్తలేదు. బస్సెక్కకముందే రాస్తాను, రెండొందల మందికీ తెలిసేట్టు. ఇదిగో మీ పెట్టె, నేను దీనికి తగను. తిట్టండి నన్ను. పదకొండు పెట్టెలు, పెద్దాయనా! ఏదో ఒకటి అనండి!"

"తుమినా! ఆ టీ అక్కడ పెట్టేసి ఇలా రా, తొందరగా! మేష్టారూ, ఆ మాట ఇంకోసారి అనండి. మా సరుకు మంచిదేనన్న మాట. కాస్త గట్టిగా అనండి, తను వినాలి."