శ్రావణంలో కోసిన కొమ్మలు

“అమ్మమ్మా, ఈ ఎంప్టీ పాట్ బిన్‌లో వేసెయ్యనా?”

వద్దే, ముట్టుకోకు. అది పక్కింటి రాన్ గారిది. నువ్వు అప్పుడు యూనివర్సిటీలో చేరావు... కాదు, ఇంకా చేరలేదేమో. ఆయన ముసలివాళ్ళనుంచే నర్సింగ్ హోముకి వెళ్ళిపోతూ ఈ కుండీ నా చేతిలో పెట్టాడు. అందులో మందార ఉండేది. మన ఎర్ర మందార కాదమ్మా. పొద్దున లేతాకుపచ్చగా పూసి, పోనుపోను వంగపండు రంగుకి తిరిగేది. వాళ్ళావిడది నార్ఫోక్ దీవి. ఆ పక్కన మనుషులుండని చిన్న దీవొకటి ఉందట, ఈ చెట్టుకి పుట్టిల్లు అదొక్కటే. వెనకటికి ఎవరో మేకల్నీ కుందేళ్ళనీ వదిలితే దీవంతా మేసేశాయట. రెండంటే రెండు పొదలు మిగిలాయి. వాటి కొమ్మలే నాటీ నాటీ ఇంతవరకు లాక్కొచ్చారు. ఆవిడ పోయాక ఆయన రోజూ ఈ చెట్టుకి గుడ్ మార్నింగ్ చెప్పేవాడు.

“పది ఇళ్ళలో ఉంటే బతుకుతుంది” అన్నాడు నాతో. ఇక నేను ఊరుకుంటానా? వరలక్ష్మీ వ్రతానికి మన గిరావీన్ పేటలో ఉండే తెలుగువాళ్ళు ఇరవై మంది పేరంటానికొచ్చారు. తాంబూలంలో ఈ ప్లాస్టిక్ డబ్బాలెందుకు, తలా ఒక కొమ్మ పెడదామనుకున్నా. తెనాలిలో మా అత్తగారు అలాగే ఇచ్చేది. శ్రావణంలో ఎండుపుల్ల గుచ్చినా చిగురేస్తుందనేది. నిజమే, అక్కడ వానలు కదా. ఈ దేశంలో కాలాలు తలకిందులు, శ్రావణమంటే గడగడలాడే చలి! పదిహేనేళ్ళుగా స్వెట్టరేసుకుని వ్రతం చేస్తున్నాను, నా బుర్రకి తట్టలేదు చూడు. మోడు మిగిలేదాకా కోశాను. ఆ వారమే మంచు కురిసి మోడు నల్లబడిపోయింది. అందరికీ ఫోన్లు చేశా. ఒక్కటీ నాటుకోలేదు ఆంటీ అన్నారు. నర్సరీల్లో అడిగించాను, లేదన్నారు.

చెప్పేద్దామనే వెళ్ళానే ఆయన దగ్గరికి. పులిహోర కూడా పట్టుకెళ్ళా, ఆయనకి ఇష్టం, మిరపకాయలు ఏరేసి తినేవాడు. నన్ను చూడగానే “పూస్తోందా?” అన్నాడు. విరగబూస్తోంది అనేశాను. ఏం చెయ్యను, నోరు అలా తిరిగింది. ఆ మొహం ఎంత వెలిగిందనీ! మళ్ళీ వచ్చేటప్పుడు ఒక్క పువ్వు తెచ్చిపెట్టు అన్నాడు.

ఎక్కణ్ణుంచి తేను? అందుకని మళ్ళీ వెళ్ళలేదమ్మా. బస్సెక్కితే పావుగంట దారి. ఎండాకాలం రాకుండానే ఆయన పోయాడు. తర్వాత వాళ్ళమ్మాయి చెప్పింది. మంచం పక్కన గ్లాసులో రోజూ కొత్త నీళ్ళు పోయించుకునేవాడట, నేను తెచ్చే పువ్వు పెట్టుకోడానికి.

నువ్వు చల్లగా ఉండు తల్లీ. తప్పు చేస్తే వెళ్ళి చెప్పెయ్యి, తిడితే పడు... కుండీ అక్కడే ఉండనీ.