మొదటి కుంచం

1988 ఫిబ్రవరి. ఆత్మకూరు బస్టాండులో ఒక అవ్వా, నెల్లూరులో కంప్యూటర్ ఉద్యోగానికి పరీక్ష రాసి వచ్చిన ఆమె మనవరాలూ ఉదయగిరి బస్సు కోసం కాచుకొని ఉన్నారు.

“ఉద్యోగం నీకే ఇచ్చినారా? నిజంగానా?”

“నాకే అవ్వా. కంప్యూటర్లో లెక్కలు దాచిపెట్టే గదులు వరసగా ఉంటాయి. మిగతావాళ్లు వేరే భాష నేర్చుకోని వచ్చి, మొదటి గదిని సున్నా అన్నారు. ఈ క్లిప్పర్ భాషలో అది ఒకటి. వాళ్ల ప్రోగ్రాం ఆగిపోయింది, నాది నడిచింది.”

“వడ్లు కొలిచేటప్పుడు మేం మొదటి కుంచాన్ని ఒకటంటామా? లాభం అంటాం. తర్వాత రెండు. ఎవరి పద్ధతి వాళ్లది.”

“తేదీ కూడా ఆ కంప్యూటర్ నెల ముందేసి చూపిస్తాది. రోజు ముందెయ్యమని నేను చెప్పినాను.”

“విన్నదా?”

“వెంటనే.”

“మీ తాత ఒక్కనాడన్నా నా మాట వినలేదు! సరే, ఎప్పుడు చేరాల?”

“ఐదు, మూడు.”

“మన లెక్కా, దాని లెక్కా?”

“మనదే. మార్చి ఐదు.”

“దాని లెక్కయితే మే మూడు దాకా నా దగ్గరుండేదానివి.”

“ఏడస్తా ఉండావా అవ్వా?”

“మీ నాయన లారీ ఎక్కి పోయినప్పుడూ రోజులు లెక్కబెట్టినాను. ఇప్పుడు నీకు లెక్కబెట్టాల. నువ్వు పోయిన మొదటి రోజును ఏమనాలే?”

“లాభం అను.”

“…అంటాలే. అదిగో బస్సు! ఏమయ్యా కండక్టరూ, కంప్యూటర్ని తన మాట వినేటట్టు చేసిన పిల్ల ఎక్కతా ఉండాది, కిటికీ పక్క సీటియ్యి!”