కంచెకి నాలుగు మీటర్లు

పది మీటర్లు బాబాయ్, పది! ఎక్కణ్ణుంచి తేను? భూమిలోంచి ఇంటికి వేడి తెచ్చే బోరు కంచెకి పది మీటర్ల ఎడంలో ఉండాలట. మా స్థలం వెడల్పే పద్దెనిమిది! నాన్న టేపు పట్టుకుని మూడు ఆదివారాలు మంచులో పుల్లలు గుచ్చుకుంటూ తిరిగాను. ఎక్కడ గుచ్చినా ఎవరో ఒకరి కంచెకి దగ్గరే. బోరు బండి పట్టే చోటు ఒక్కటే ఉంది. మీ లైలాక్ పూలపొదల దడి పక్కన, నాలుగు మీటర్లలో.

అందుకే నీ సంతకం తెమ్మన్నారు మున్సిపాలిటీ వాళ్ళు.

కూర్చోనులే. బూట్లు విప్పనిచ్చావు, అదే చాలు. పొయ్యి మీద కాఫీ ఉంది, నా ముందు కప్పు లేదు. చూశాను. తప్పుపట్టడం లేదు బాబాయ్.

గున్వోర్ పిన్ని పైన పడుకుందా? వేళ్ళు ఇంకా అలాగే కొంకర్లు పోతున్నాయా చలికి? సరే, సరే, అడగను.

ఏంటీ? మా నాన్న నీకిచ్చిన జవాబే నాకూ ఇస్తానంటావా?

అబ్బ. ఆ మాట అంటావనే ఎదురుచూస్తున్నా. దారంతా అదే... దారెంత, ముప్ఫై అడుగులు. ఆ ముప్ఫై అడుగులు దాటడానికి నాకు ఎనిమిదేళ్ళు పట్టింది.

అసలు అప్పట్లో నువ్వు నీ బోరు కాగితం మా ఉత్తరాల పెట్టెలో ఎందుకు పడేశావు బాబాయ్? తలుపు కొట్టి, నాన్నతో "కెల్, బోరు వేయించుకుంటున్నా, ఇక్కడో సంతకం గీకు" అంటే ఏం పోయేది? ముప్ఫై ఏళ్ళు గడ్డకట్టిన సరస్సు మీద పక్కపక్కనే కూర్చుని చేపలు పట్టారు. నాలుగడుగుల దూరంలో మంచుకి నీదో కన్నం, ఆయనదో కన్నం. "ఎవెర్ట్, నీ కన్నం నా చేపల్ని లాగేస్తోందిరా!" అని నాన్న అరిచేవాడు. "చేపలకీ తెలుసురా ఎవడు మంచోడో" అనేవాడివి నువ్వు. అంత చనువున్న మనిషివి, నోటితో అడగడానికి మొహమాటపడ్డావా?

ఆ మొహమాటమే కొంప ముంచింది. నోటితో అడిగుంటే నాన్న చెవిన పడేది.

పెట్టె తెరిచింది నేను, బాబాయ్.

ఆగు. పూర్తిగా చెప్పనీ. ఇప్పుడు ఆపితే మళ్ళీ చెప్పలేను.

పందొమ్మిదేళ్ళు నాకప్పుడు. ఇల్లు వెచ్చగా ఉండాలని నాన్న రోజూ నేలమాళిగ మెట్లు దిగి బాయిలర్‌లో కట్టెలు వేసేవాడు. పైకొచ్చేసరికి ఆయాసంతో గోడ పట్టుకునేవాడు. అది చూడలేక లైబ్రరీలో కూర్చుని, దొరికిందల్లా చదివి, నేను కూడా మా ఇంటికో బోరు ప్లాను గీసుకున్నాను. రెండొందల మీటర్ల లోతు నుంచి వేడి దానంతటదే పైకొస్తుంది, నాన్న ఇక మెట్లు దిగనక్కర్లేదు. సరిగ్గా ఆ వారమే నీ కాగితం వచ్చింది. రెండు బోర్ల మధ్య ఇరవై మీటర్లు ఉండాలని అప్పటికే చదివాను. నీది పడితే మాకిక ఎప్పటికీ లేనట్టేగా!

తీసుకెళ్ళి బాయిలర్‌లో వేశాను. ఒక్క క్షణం కూడా మండలేదది.

జవాబు రాకపోతే కాదన్నట్టే అనుకున్నావు నువ్వు. కెల్ కాదన్నాడనుకున్నావు. నాన్నకి అసలు ఏమీ తెలీదు. ఆ చలికాలం సరస్సు గట్టిపడగానే మంచుకి కన్నం వేసే డ్రిల్లుకి నూనె రాసి గుమ్మం దగ్గర పెట్టుకున్నాడు. "ఎవెర్ట్ పిలవలేదేంటే ఇంకా?" అన్నాడు. మర్నాడూ అదే అన్నాడు. వారం తర్వాత అడగడం మానేశాడు. డ్రిల్లు మాత్రం గుమ్మం దగ్గర్నుంచి తీయలేదు. ఎనిమిది చలికాలాలు, బాబాయ్! ప్రతి ఏడూ నూనె రాసేవాడు. నీ దగ్గరికొచ్చి "ఏంట్రా నీ కోపం" అని అడగడు. నువ్వూ అడగవు. నేను నోరు విప్పను.

మొన్న జనవరిలో ఆ మెట్ల మీదే పోయాడు. చేతుల్లో కట్టెలు అలాగే ఉన్నాయి. చర్చికి వచ్చావు నువ్వు, చివరి బెంచీలో కూర్చున్నావు. చూశాను. అప్పుడైనా చెప్పాల్సింది.

ఇంకా ఉంది. అసలు ఘోరం చెప్పలేదు.

పోయిన వారం బోరు ఆయన వచ్చి స్థలం చూశాడు. నా పుల్లలు చూసి నవ్వాడు. "నిట్టనిలువుగానే దింపాలని ఎవరన్నారమ్మాయ్? వాల్చి దింపుతాం. నీది రోడ్డు వైపు, పక్కాయనది తోట వైపు. పైన దగ్గరగా ఉన్నా లోపలికి పోయేకొద్దీ దూరమైపోతాయి. సంతకాలుంటే చాలు" అన్నాడు. కొత్త పద్ధతా అని అడిగాను. కాదట. ఇరవై ఏళ్ళుగా చేస్తున్నాడట.

రెండూ పట్టేవి, బాబాయ్. అప్పుడు కూడా పట్టేవి. నీదీ, నాన్నదీ.

నేను చదివిన పుస్తకంలో ఆ పేజీ ఉందో లేదో మరి. ఉండే ఉంటుంది. నేనే అంతదాకా చదవలేదు.

ఇవిగో, రెండు కాగితాలు తెచ్చాను. ఇది నీ బోరుకి, నా సంతకం పెట్టేశాను. గున్వోర్ పిన్ని వేళ్ళ కోసమైనా వేయించు. ఈ రెండోది నాది. దాన్ని నువ్వేం చేసుకున్నా సరే.

పెన్ను పక్కన పెట్టేశావా. పర్లేదు. వెచ్చగా ఉండాల్సిన మనిషి ఎలాగూ లేడు.

బాయిలర్ మూత ఎడమవైపు తెరుచుకుంటుంది కదా మీది కూడా? నా కాగితం అందులో వెయ్యి బాబాయ్. ఒక్క క్షణం కూడా పట్టదు.