నన్ను నేలకు దించిన బావ

సభాధ్యక్షులవారికి, వేదికనలంకరించిన పెద్దలకు, ముందు వరుసల్లో బిగుసుకుని కూర్చున్న అధికారులకు, వెనక వరుసల్లో హాయిగా చేరగిలబడ్డ మెకానిక్కులకు, ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకొచ్చిన మిత్రులకు నమస్కారం.

ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మన కమాండర్‌గారి ధైర్యసాహసాల గురించి పెద్దలు చెప్పేశారు. నాకు మిగిలింది చుట్టరికం ఒక్కటే. నేను ఈయన బావమరిదిని. ఒకప్పుడు ఈయన కింద యుద్ధ విమానం నడిపాను, ఇప్పుడు కంట్రోల్ టవర్‌లో కూర్చుని విమానాలకు దారి చెబుతున్నాను. ఏ హోదాలో మాట్లాడమంటారని అధ్యక్షులవారిని అడిగితే, "ఏ హోదా అయినా ఫరవాలేదు, క్లుప్తంగా మాట్లాడు" అన్నారు. (నవ్వులు)

శిక్షణలో ఈయన నాకు సీనియర్. అప్పట్లో ఈయన ముద్దుపేరు 'చాదస్తం'. విమానం ఎక్కేముందు అందరూ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసుకుంటే ఈయన రెండుసార్లు తిరిగేవాడు. ఒకసారి సెలవులకు నాతో మా ఇంటికి వచ్చాడు. అంత బరువైన విమానం గాలిలో ఎలా నిలబడుతుందని మా అక్క మర్యాదకు అడిగింది. కాఫీ చల్లారిపోయింది, చీకటిపడింది, జవాబు మాత్రం పూర్తికాలేదు. మిగతాది వినడానికే అక్క ఈయన్ని చేసుకుందని మా ఇంట్లో అనుకుంటాం. ఇంకా వింటూనే ఉంది, పాపం! (నవ్వులు)

ఇక నేను చెప్పదలచుకున్న అసలు సంగతికి వస్తాను. అక్కా, నువ్వలా చూడకు, చెప్పే తీరతాను.

ఈయన స్క్వాడ్రన్ కమాండర్ అయ్యేసరికి నేను అదే స్క్వాడ్రన్‌లో ఉన్నాను. ఒక ఉదయం ఇద్దరం చెరో విమానంలో సాధనకు వెళ్ళాం. యుద్ధ విమానాన్ని ఒక్కసారిగా మలుపు తిప్పితే తలలోని నెత్తురంతా కాళ్ళలోకి దిగిపోతుంది, కళ్ళు మసకబారతాయి. అది అందరికీ ఉండేదే, తట్టుకోవడమే మా విద్య. ఆ రోజు అలాంటి మలుపులో బావ రేడియోలో పిలిస్తే నేను పలకలేదు. రెండోసారి పిలిచాక పలికాను.

కిందికి దిగాక అడిగాడు: "ఏమైందిరా?"

"ఏమీ లేదు బావా, రేడియో సరిగ్గా లేదు."

"రేడియో బాగానే ఉంది. నీ విమానం ముక్కు వాలడం నేను చూశాను."

అంతే, నన్ను డాక్టర్ల దగ్గరికి పంపించాడు. ఒకాయన ఏమీ లేదన్నాడు. ఇంకొకాయన గుండె కొట్టుకునే తీరులో ఏదో తేడా ఉన్నట్టుంది గానీ ఖాయంగా చెప్పలేనన్నాడు. తేల్చే బాధ్యత స్క్వాడ్రన్ కమాండర్ నెత్తిన పడింది. నేను గుండె చిక్కబట్టుకుని ఆయన గదికి వెళ్ళాను.

"బావా, నా స్థానంలో ఇంకొకడుంటే ఎగరనిచ్చేవారా?"

"ఎగరనిచ్చేవాణ్ణి కాదు."

"నేను మీవాణ్ణి కదా?"

"అందుకే ఇంతసేపు పట్టింది. లేకపోతే నిన్ననే సంతకం పెట్టేవాణ్ణి."

ఆ సంతకంతో నేను విమానం నడపడం ముగిసింది. విషయం తెలిసి మా అమ్మ అక్కావాళ్ళింటికి వచ్చింది. భోజనాల బల్ల దగ్గర, అక్క వడ్డిస్తుండగా, "ఏం అల్లుడుగారూ, నా కొడుకు రెక్కలు మీరే విరిచారా?" అని ముఖం మీదే అడిగింది. "విరిచాను అత్తయ్యా" అన్నాడాయన, తల దించుకోకుండా. అక్క గరిటె గిన్నెలో వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. ఎవరి పక్షాన మాట్లాడినా రెండోవాడు పరాయివాడైపోతాడని ఆవిడ భయం. బావ బతుకు కోరేవాడు బావమరిది అని సామెత. మా ఇంట్లో అది తిరగబడిందని ఆనాడు ఎవరికీ తోచలేదు, నాకు అసలే తోచలేదు.

ఆ తరువాత నేను టవర్‌లో చేరాను. ఈయన వైమానిక స్థావరానికి అధిపతి అయ్యాడు, చివరికి ఇలాంటి స్థావరాలెన్నో ఉన్న ఈ కమాండ్ మొత్తానికీ పెద్ద అయ్యాడు. మబ్బు పట్టిన రోజున అతిథుల ముచ్చట కోసం కుర్రాళ్ళను విన్యాసాలకు పైకి పంపనని పైవాళ్ళతో తగువు పెట్టుకున్నాడు, మాట పడ్డాడు. అవన్నీ చూస్తూనే ఉన్నాను. అయినా ఆయన్ని బావా అని పిలవడం మానేశాను. ఆఫీసులోనూ సార్, ఇంట్లోనూ సార్. మా మేనకోడలు చిన్నప్పుడు "మామయ్యా, మా నాన్న నీకూ మాస్టారేనా?" అని అడిగింది. (నవ్వులు)

కిందటేడు పైలట్లకు జరిపే పరీక్షల్లో ఈయన కంటిచూపులో తేడా కనబడింది. డాక్టరుగారు ఇక్కడే ఉన్నారు, క్షమించాలి. "చిన్న తేడాయే కదా సార్, రాయకుండా వదిలేస్తాను" అన్నారట. "రాయండి డాక్టరుగారూ" అన్నాడట ఈయన. ఆ రాతతో ఈయన ఎగరడమూ ఆగిపోయింది.

అక్కడినుంచి తిన్నగా టవర్ మెట్లెక్కి వచ్చాడు. నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుని రన్‌వే వంక చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు:

"ఒరే, మొదటి రోజు నువ్వు ఏం చేశావురా?"

అన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

"విమానాల మోత వినబడకూడదని స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని కూర్చున్నాను బావా."

"తగ్గిందా?"

"మోత తగ్గలేదు. బకెట్టు నిండింది."

ఇద్దరం నవ్వాం. నా నోట బావా అన్న పిలుపు వచ్చిందని నవ్వుతుండగా తెలిసింది. ఆయనకు అంతకుముందే తెలిసిపోయినట్టుంది, కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

"నా మీద కోపం?" అన్నాడు.

"అదీ తగ్గలేదు."

"ఉండనీరా. కోపగించుకోవడానికైనా మనిషి ఉండాలి కదా."

మిత్రులారా, నా గుండెలో నిజంగా లోపం ఉందో లేదో ఈనాటికీ తెలియదు. పిల్లాపాపలతో చల్లగా ఉన్నావు, ఇంకేం కావాలి అంటారు అందరూ. నాకు ఎగరాలని ఉండేది. ఇప్పటికీ ఉంది. బావ నిర్ణయం తప్పో ఒప్పో తేల్చలేను. తప్పే అయితే, నేను బతికి ఉండే వైపుకే పొరబడ్డాడు. అంత తప్పు నా కోసం ఇంకెవరూ చేయలేదు.

బావా, ఎన్నాళ్ళుగానో దాచుకున్న మాట ఈ సభాముఖంగా చెబుతున్నాను. మీ కింద పనిచేసినందుకు గర్వపడుతున్నాను.

క్లుప్తంగా మాట్లాడమన్న అధ్యక్షులవారికి, నేను మాట తప్పినా ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. గంటలో ఒక విమానం దిగబోతోంది, దానికి దారి చెప్పాలి. సెలవిప్పించండి.