బాబు సాహెబ్ బందరు

ఏమంటివి హుమమ్మా? ఫోన్లో మన వీధి పేరు హార్బరు స్ట్రీట్ అని సూపిస్తాండాదా? సూపిస్తాది, సూపించక ఏం సేస్తాది! మొన్న ఒక పిల్లోడు బెంగుళూరు నుంచి బండేసుకోని వచ్చి, ఆ మూలన నిలబడి అటు సూస్తాడు, ఇటు సూస్తాడు. 'తాతా, సముద్రం యాడ?' అంటాడు. మదనపల్లెలో సముద్రం! 'ఇప్పుడే పొయ్యింది నాయనా, రవ్వంత ముందొచ్చింటే దొరికేది' అంటిని. నవ్వొద్దు తల్లీ, నువ్వు నవ్వితే నాకూ నవ్వొస్తాది, బీపీ ఎక్కువ సూపిస్తాది, మళ్ళా మీ డాక్టరమ్మ ఉప్పు మానెయ్ జయరత్నం అంటాది. ఉప్పు లేని సంగటి మనిషన్నోడు తింటాడా? ఆ పట్టీ ఇప్పేసి కూర్సో. నర్సు పనికని ఈ వీధికి కొత్తగా వచ్చినావు కాబట్టి నీకు తెల్దు. ఈ హార్బరంతా ఒక్కడు కట్టినాడు. రాయి లేదు, సున్నం లేదు, వట్టి నోటితో కట్టినాడు.

బాబు సాహెబ్ అని ఒకడుండె. నువ్వు రీఛార్జి సేయించుకుంటావే ఆ ఫోన్ల అంగడి, దాని మెట్ల మింద కూర్చోని గొడుగులు బాగు సేసేవాడు. గొడుగులమ్మా! ఈ సీమలో! మబ్బు పడితే జనం పనులిడిసిపెట్టి బయటికొచ్చి మొగం పైకెత్తి నిలబడే తావు ఇది. ఆడికొచ్చి గొడుగుల పని పెట్టినాడు. నేనప్పుడు మిషన్ ఆసుపత్రిలో కట్లు కట్టే పనిలో ఉంటిని. నా తావ జనం నిలబడేదానికి సందుండేది కాదు, వాడి తావ ఈగ గూడా వాలేది కాదు. అందుకే మధ్యాన్నం అన్నం తిన్నాంక వాడి మెట్టు మింద కూర్చునేవాణ్ణి, సల్లగా ఉంటాదని. మనిషి ఎట్లుండేవాడంటే, సన్నగా, పొడుగ్గా, వాడే ఒక మడిసిన గొడుగు మాదిరి. సొంతానికి గొడుగు మాత్రం లేదు. వాన పడితే నా గొడుగులోకి దూరేవాడు! నాకు వాడంటే శానా ఇష్టం తల్లీ. ఇప్పుడు సెప్తే ఏముంది, అప్పుడైనా ఒకసారి సెప్పింటే బాగుండు. అట్లాంటివి మొగోళ్ళు సెప్పుకునేవి కాదు మా కాలంలో. కాఫీ తాగుదాం రారా అనేది, అంతే.

ఏం సెప్తాండా? ఆ, పెండ్లి. వాడికి ముందూ వెనకా ఎవురూ లేరు, పెద్దమనిషి మాదిరి నువ్వు రా జయరత్నం అని నన్ను గుర్రంకొండకు తీసకపొయ్యినాడు. పెద్దమనిషంట! నాకప్పుడు మీసమే సరిగ్గా లేదు. పిల్ల తండ్రి పరుపులు కుట్టే జాహిద్ సాయిబు. ఒంటి నిండా దూది. 'ఏమప్పా, వానల్లేని సీమలో గొడుగులోడికి పిల్లనిస్తే దాని గతేమి?' అని మొగం మిందే అడిగేసినాడు. న్యాయమైన మాటే గదా. వీడు ఉండలేక, 'నేను ఈడ్నే ఉండిపోతానా మామా! నాకు బందర్‌లో అంగడుండాది, బందర్ షహర్‌లో' అన్నాడు. అంతే, లోపల్నించి ముసలామె, పిల్ల అవ్వ, ఒకటే కేక. 'యా అల్లా! కోతుల ఊరికా నా బిడ్డ!' మీ ఉర్దూలో బందర్ అంటే ఏందమ్మా? ఆ, కోతి. ఓడలొచ్చే రేవును గూడా బందరనే అంటారు, అది వేరే. ఆ ముసలామె రేవు యాడ సూసింది పాపం? ఆమె సూసిందంతా గుర్రంకొండ కోట మింద కోతుల్నే. దినామూ దిగొచ్చి పెనం మింద రొట్టె ఎత్తకపోయేవంట. 'ఈడి కోతుల్తోనే సావలేక సస్తాండా, నక్కో, ఆ సంబంధం వద్దే వద్దు!' అని తల కొట్టుకుంటాది.

అయ్యా, అది కోతి కాదు, రేవు, అంటే అయిపోయేది. ఒక్క మాట! కానీ వీడికి సెమట పట్టేసింది. వాడు ముందే పిల్లను కిటికీలో సూసేసినాడు గదా. 'భయపడొద్దు నానీ! మా బందర్‌లో కోతులు దొంగతనాలు సెయ్యవు, ఉద్యోగాలు సేస్తాయి' అన్నాడు ముసలామెతో. నేను టీ తాగతాండా, ముక్కులోకి పొయ్యింది. జాహిద్ సాయిబు నవ్వల్యా. కండ్లు సిన్నవి సేసి, 'ఏం ఉద్యోగం?' అన్నాడు. 'ఓడ కొయ్యలెక్కి తాళ్ళు ఇప్పేది మనుషులకు కష్టం గదా మామా, కోతులే ఇప్పుతాయి. తాడుపేటంతా అవే. సుంకం గూడా అవే వసూలు సేస్తాయి. మూట మూటకూ ఒక అరటిపండు తీసుకోని పొమ్మంటాయి, ఇంగ రెండోది అడగవు.' 'రెండోది అడగవా?' అని సాయిబుకు ఆ మాట శానా నచ్చింది. మరి వాటికి పెన్షనుందా అంటాడు! 'ఉండాది మామా, తోక నెరిస్తే ఇంటికి పంపిస్తారు.' అప్పుడు పరదా ఎనక నుంచి పిల్ల నవ్వింది సూడు. అజీజాబీ. కడుపులోంచి, ఎక్కిళ్ళు పెట్టుకోని నవ్వింది. వీడు నోరు తెరుసుకోని పరదానే సూస్తాండాడు. ఆ నవ్వుకే పెండ్లి కుదిరింది, సాయిబుకు గూడా కూతురు నవ్వితే సాలు. ఒక్క షరతు పెట్టినాడు. దాన్ని ఆ ఊరికి తీసకపోయి కాపురం పెట్టాల, లేకుంటే నా బిడ్డ నా ఇంటికొస్తాది అన్నాడు. దానికేం మామా అనేసినాడు మనవాడు.

ఇంగ సూడు, పెండ్లయ్యి ఈడికొచ్చినాంక మొదలైంది. ఆ యమ్మ మొగుణ్ణి అజీ అని పిల్సేది. 'అజీ, ఎప్పుడు పోదాం?' అంటే, ఇప్పుడు గాలి ఎదురుగా ఉండాది అంటాడు. కొన్నాళ్ళకు, ఓడలు రిపేరీలో ఉండాయి అంటాడు. ఆ యమ్మ మనసు మళ్ళించేదానికి వీడు ఊరి సంగతులు సెప్పేవాడు. అట్ల ఊరు పెరిగిపోయింది. కేకలపేట అని ఒకటి. మంచు పట్టి దావ కనపడకపోతే, ఆ పేటోళ్ళు ఒడ్డున నిలబడి ఓడల్ని పేరు పెట్టి పిలుస్తారంట, గేదెల్ని పిల్సినట్టు. మంచి గొంతుండేవాడికి ఆ పేటలో పిల్లనిచ్చేదానికి జనం ఎగబడతారంట. వాసనల గల్లీ అని ఇంగొకటి. ఆడ ముసలోళ్ళు పీటలేసుకోని కూర్చోని, మూట ఇప్పకుండానే ముక్కు పెట్టి ఇది మిరియం, ఇది జాపత్రి, ఇది మీ మామ చెప్పులు అని సెప్తారంట. పొద్దుగూకినాంక దూరం నుంచి వచ్చిన పడవలకు నూని పెట్టి పక్కలు పట్టేవాళ్ళు వేరే ఉండారు, పాపం అలిసిపోయింటాయి గదా అంటాడు. గొడుగుల బజారు మాత్రం ఊరి నడిమధ్యలో. ఆడ వాన నిలవదంట, గొడుగు బాగు సేసేవాడు దావన వస్తాంటే కలెక్టరు గూడా పక్కకు తప్పుకుంటాడంట. ఈ మాటొచ్చేటప్పటికి నడుం నిటారుగా పెట్టేవాడు. మా వీధోళ్ళంతా సంగటి తినేసి వీడి మెట్ల కాడికి సేరేది. ఏమిరా, హార్బరుకు పోతాండావా అనుకోని పోయేది. అట్లే ఆ పేరు జనం నోట్లో పడి, మున్సిపాలిటీవాళ్ళు ఇండ్లకు నెంబర్లేసేదానికి వచ్చినప్పుడు గూడా అదే రాసుకోని పొయినారు.

అదే మెట్లకు ఎదురింట్లో సుభద్రమ్మ టీచరుండేది. బళ్ళో మ్యాపులు సెప్పేది. మంచిదే గానీ, ఇంగొకరి తప్పు కనపడితే ఆమెకు నిద్ర పట్టదు. ఒకదినం గోడకేసే పెద్ద మ్యాపు సుట్టుకోని వచ్చి, అందరి ముందరా పరిసి, 'అజీజాబీ, ఇదో సముద్రం, ఇదో ఒడ్డు. పై నుంచి కింద దాకా సూసినా, కోస్తాలో బందరని ఒక ఊరుండాది గానీ, కోతులు సుంకం వసూలు సేసే మీ ఆయప్ప ఊరు యాడా లేదు' అనేసింది. మన జనం సంగతి తెలుసు గదా, కత వినేటప్పుడు నోరు తెరుసుకోని వింటారు, అబద్దమని తేలితే ముందు నవ్వేది వాళ్ళే. పగలబడి నవ్వినారు. అజీజాబీ లేసి లోపలికి పొయ్యింది. మర్నాడు మూట కట్టుకోని గడప మింద కూర్చుంది. 'అజీ, నన్ను ఆ ఊరికన్నా తీసకపో, గుర్రంకొండకన్నా పంపు. గుర్రంకొండకు పోతే మళ్ళా రాను' అనింది. వీడు ఆసుపత్రికి పరిగెత్తుకోని వచ్చినాడు, నేనొకడికి కట్టు కడతాండా. 'జయరత్నం, యాడికి తీసకపొయ్యేదిరా?' 'నీ ఊరికి దావ నీకే తెల్దా?' 'ఉంటే గదరా!' అని ఏడిసినాడు. అప్పుడు బయట పెట్టినాడు. మద్రాసులో హార్బరు గోడ పక్కన ఒక హోటల్లో ఉల్లిగడ్డలు ఒలిసేవాడంట. ఆ హోటలు ముందర ఒక గొడుగులాయన కాడ పని నేర్సుకున్నాడు. గోడకవతల ఓడలు కూసేది వినింటాడు, అంతే. సముద్రం కంటితో సూసిన మనిషి కాదు. గోడ ఎక్కి సూడగూడదారా అంటే, కోతులుంటాయని భయమేసింది అన్నాడు వెధవ!

సరే, ఇద్దరూ పొయినారు. వి.కోట మిందుగా కుప్పం పొయ్యి, ఆడ రైలెక్కినారు. వీధంతా ఎదురుసూపు. నాకైతే అన్నం దిగల్యా. ఆ యమ్మ తిరిగొస్తాదా, వీడొక్కడే వస్తాడా అని. కొన్ని దినాలకు ఇద్దరూ బస్సు దిగినారు. వీడి తల భూమిలోకి దిగిపోయింటాది. జనం మెట్ల కాడ మూగినారు, సుభద్రమ్మ మ్యాపు సంకలో పెట్టుకోనే వచ్చింది. ఇంతలో మా వీధి చిన్నప్ప ఎగరతా వచ్చినాడు. వాడు కుప్పంలో టమోటా, బీన్సు వేసుకోని రైల్లో తమిళం పక్కకు అమ్మబోయేవాడు. 'యాడి బందరు? నేను కంటితో సూసినా! వీళ్ళిద్దరూ జోలార్‌పేట ప్లాట్‌ఫారం బెంచీ మింద కూర్చోని ఇడ్లీ తింటాండారు! నేను పోయేటప్పుడూ ఆడ్నే, వచ్చేటప్పుడూ ఆడ్నే!' అంటాడు. బాబు సాహెబ్ మొగంలో రక్తం లేదు. వాస్తవం అదే తల్లీ. ముందుకు పోయేదానికి ఊరు లేదు, వెనక్కొచ్చేదానికి మొగం లేదు, పడవ ఇంగా రాల్యా, ఇంగా రాల్యా అని ఆ బెంచీ మిందే పెట్టుకోనుండినాడు ఆ యమ్మను.

అజీజాబీ చెప్పులిడిసి, మెట్టు మింద కూర్చోని, నీళ్ళు తాగి, 'హౌ భయ్యా, అవును' అనింది. 'ఆడ్నే కూర్చుంటిమి. బందరుకు లోపలికి దావ ఆడ్నించే గదా. నువ్వు టమోటాలు సూసుకోని బిరీన పోతివి, లోపలికి రానే రాకపోతివి.' సుభద్రమ్మ, 'మ్యాపులో లేదు గదమ్మా?' అనింది. 'మ్యాపు గీసేవాళ్ళు వచ్చినారంట టీచరమ్మా. కోతులు అరటిపండు అడిగితే ఇయ్యల్యా, లోపలికి ఇడవల్యా.' ఇంగ జనం నవ్వినారు సూడు! ఆ యమ్మ ఆపల్యా. తాడుపేట సెప్పింది, కేకలపేట సెప్పింది, ఎర్రంగీలేసుకోని నెత్తిన ఊర్లను మోసేవాళ్ళ పేట అని వీడెప్పుడూ సెప్పనిది ఒకటి సెప్పింది. ఎడబాసినోళ్ళు కలిసే వీధి అని ఒకటి సెప్పింది, ఆడ దినామంతా ఎవురో ఒకరు ఎవుర్నో ఒకర్ని కావిలించుకోని ఏడుస్తానే ఉంటారంట, పక్కన ఒకడు వాళ్ళకు కాఫీ అమ్ముతాంటాడంట. వీడు పెండ్లాం మొగం సూస్తాండాడు, గుర్రంకొండలో పరదాను సూసినాడే, అట్ల. 'మా ఆయప్పను ఆడ అందరూ అడిగినారు, గొడుగుల బజారు బోసిపోయిందంట' అనింది ఆకరికి. ఆ మాటకు వాడు లేసి లోపలికి పొయ్యినాడు, ఏడిసేదానికి. నేనూ ఏడిస్తిని, నాకేం సిగ్గు?

అప్పట్నించి ఊరు ఆ యమ్మదైపోయింది. వీడు కత మొదలుపెడితే, 'ఎడమ పక్కన కాదు అజీ, కుడి పక్కన' అని సరిదిద్దేది. వీడేమో నన్ను పక్కకు పిల్సి, 'జయరత్నం, జోలార్‌పేటలో నేను టీకి పొయ్యినప్పుడు ఈమె యాడికైనా పొయ్యొచ్చిందంటావా?' అనేవాడు. నవ్వేవాణ్ణి. నిజింగానే అడుగుతాండాడని తెలిసేదానికి నాకు శానా ఏండ్లు పట్టింది. ఆకరికి మా ఆసుపత్రిలోనే మంచం పట్టినాడు. ఊపిరి ఆడేది కాదు. నేను కాళ్ళ కాడ నిలబడింటిని, ఆ యమ్మ తలకాడ. వాడు కండ్లు తెరిసి, సిన్న పిల్లోడి మాదిరి ఆ యమ్మ కొంగు పట్టుకోని, 'అజీజా, నువ్వు సూసొచ్చినావు గదా, నేను ఒక్కసారి గూడా సూడల్యా. నన్నూ తీసకపో' అన్నాడు. ఆ యమ్మ కంట్లో నీళ్ళు గూడా పెట్టల్యా. వాడి చొక్కా గుండీలు సరిగ్గా పెట్టి, తల దువ్వి, 'పద అజీ, గాలి బాగుండాది' అనింది.

...

టమోటాల బండొచ్చినట్టుండాది, సూడమ్మా. గట్టివి ఏరుకో, మెత్తవి అంటగడతాడు.