జీపు మూతికి చిక్కం

ఓబులేసు జీపు వెనక సీట్లో కూచుంటే సుంకులమ్మకు తల తిరుగుతా ఉండె. సుంకులమ్మంటే ఎవరో కాదు, వాని పెండ్లామే. వాడు మనుషుల్ని ఎక్కించుకోని గుట్ట మింద దేవళానికి తోలతా ఉండె. పాత జీపు అది. దాన్ని మునుపు పెట్టుకున్నోడు అడుగునుండే పొగడబ్బా ఊడబెరికి ఉత్త గొట్టం బిగించినాడంట. ఇంగ చూడండి, ఇంజను ఊదిన పొగంతా లోపలికే. ఎక్కినోళ్ళు దగ్గుకుంటా దిగుతా ఉండిరి. కడాకు సుంకులమ్మ, నీ బండి నేనే ఎక్కను, ఊరోళ్ళెందుకు ఎక్కుతారు అనె. వాడు పౌరుషానికి కదిరికి పోయి మస్తాను మేస్త్రీ కాడ కొత్త డబ్బా పెట్టించుకోనొచ్చె. మస్తాను ఏం చెప్పినాడంటే, ఎద్దు మేత ముట్టకుండా మూతికి కట్టే చిక్కం ఎట్లనో దీనికి ఇది అట్లబ్బా, పొగను ఊరికే బయటికి వదలదు, లోపలే కాల్చేస్తాది, అందుకే కొలిమి మాదిరి కాగుతాది, చెయ్యి పెట్టొద్దు అన్నాడంట. వీడు చెయ్యి పెట్టకూడదనే మాట ఒక్కటే గుర్తు పెట్టుకున్న్యాడు.

ఇంగ ఉలవల కాలమొచ్చె. మన పక్క ఎద్దులు ఎవరికుండాయి చెప్పండి? కల్లంలో ఉలవకట్టె పరిచి, గింజలు రాలేదానికి దాని మింద జీపు తిప్పించుకుంటాం కదా. ఏటా తిప్పేది ఓబులేసే. ఆ తూరి మొదులు లింగమ్మత్త కల్లం. ఆమెకు మొగుడు లేడు, బిడ్డల్లేరు, ఉండేది ఒక్క మెట్టచేను. ఆ ఉలవలమ్ముకుంటేనే ముసల్దానికి ఏడాది తిండి. వాడు గుండ్రంగా తిప్పతా ఉంటే ఎండుకట్టె పోగులు పోగులుగా బండి కింద ఇరుక్కునింది. ఏమయ్యిందంటే, అది కాగిన డబ్బాకు తగులుకోని పొగ లేసె. వాడు దుమ్మనుకున్న్యాడు. లింగమ్మత్త చేట పారేసి, "ఒరే ఓబులేసూ, కింద మంటరా!" అనె. అందరూ దూకమంటా ఉండారు. దూకితే పానం దక్కుతాది సరే, జీపు నిలబడింది కట్టె మిందనే గదా, కల్లమంతా బూడిదే. వాడు దూకకుండా గేరేసి, మంటను ఈడ్చుకుంటా పక్కనుండే దున్నిన చేన్లోకి తోలి, ఆడ దూకె. జనం మన్ను చల్లి, కడవలతో నీళ్ళు పోసి ఆర్పిరి. జీపుకు వైర్లు కాలె. కల్లంలో ఒక మూల పాయె, మిగతా కట్టె దక్కె.

వైర్లు ఏయించుకున్న్యాడు గానీ, ఇంగ కల్లం జోలికి పోనని జీపును ఇంటికాడ నిలిపేసె. లింగమ్మత్త దుడ్డుకర్ర తీసుకోని ఒక్కతే ఎండలో కూచోని కట్టె కొడతా ఉండె. అంత కల్లం ఒక్క ముసల్ది కొట్టేదెప్పటికి చెప్పండి. పడమట మోడం పట్టుండె. వాన పడితే ఉలవలు కల్లంలోనే మొలకలెత్తి పోతాయి. ఓబులేసు వాకిట్లో కూచోని ఆ కర్ర చప్పుడు వింటా, పెట్టిన సంగటి తినలేకపోయె. పాపం, వానికి అంత బాధయ్యింది. అప్పుడు సుంకులమ్మ ఏం చేసిందంటే, కోళ్ళగూడు కింద పారేసిన పాతగొట్టం ఈడ్చుకొచ్చి వాని ముందర ఏసె.

"డబ్బా ఇప్పు. ఈ గొట్టం దాని మాదిరి కాగదు. అత్త ఉలవలు ఇల్లు చేరినంక మళ్ళా బిగిస్తువు," అనె.

డబ్బా పెట్టమని రచ్చ చేసిందీ ఆ మహాతల్లే గదా! వాడు ఆ మాట అనలేదులే, అనుంటే ఆ పూట కూడు ఉండేది కాదు. బండి కింద దూరినాడు. ఆమె నట్లు కొంగులో పట్టుకుని నిలబడె. చినుకులు పడేలోగా కల్లం తొక్కించి, ఉలవలు మూటలు గట్టి లింగమ్మత్త ఇంట్లో ఏసిరి. మర్సనాడు ఆమె కొత్త ఉలవల చారు కాచి పంపె. దాంట్లో రవ్వంత కాలిన వాసన ఉండెనంట. మొగుడూ పెండ్లాలు గిన్నె ఖాళీ అయ్యేదాకా తాగిరి.

ఇప్పటికీ అంతే. ఉలవలప్పుడు డబ్బా కోళ్ళగూడు కిందికి పోతాది, కల్లాలు అయిపోతే మళ్ళా బండెక్కుతాది. నవ్వుతారేం? మా నాయన ఎద్దును కల్లంలో దించితే చిక్కం కట్టేవాడు, ఓబులేసు జీపును కల్లంలో దించితే చిక్కం ఇప్పుతాడు. ఎద్దయితే నాలుగు ఉలవలు తింటాది. ఇది కల్లాన్నే తింటాది గదా మరి.