రోశయ్య గెలిచిన రాయి కేసు

"ఒరేయ్ అయూబూ, విరిగింది చెయ్యేగానీ నోరు కాదుగా! అడగరా! అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఇంక రోడ్డు మీద రాళ్ళు పెట్టినోడు పెడతాడా?" అని రోశయ్య బల్ల మీద చరిచేసరికి మాబూబీ టీ బంకులో గ్లాసులు గలగలమన్నాయి.

అద్దంకి నుంచి దర్శి పోయే రోడ్డు పక్కనే ఆ బంకు. సాయంత్రం పూట మేం నలుగురైదుగురం అక్కడే చేరతాం. ఆవేళ అయూబ్ కుడిచేతికి సిమెంటు కట్టుతో వచ్చాడు. ముందురోజు తెల్లవారుజామున అతని ఆటో రోడ్డు మీద రాళ్ళకి తగిలి పక్కకి ఒరిగిపోయింది. మిరపకాయ ఆరబోసినవాళ్ళు కింద పరిచిన పట్టా గాలికి లేవకుండా పెట్టుకునే రాళ్ళు. ఆటోలో అప్పటికి ఎవరూ ఎక్కలేదు, బండికి ఒక సొట్టతో పోయింది, చెయ్యి మాత్రం విరిగింది. నెలన్నర కదపొద్దన్నాడు డాక్టరు. అయూబ్ రోజూ ఆరుగురు ఆడవాళ్ళని మిరప కోతలకి దించి సాయంత్రం తీసుకొస్తాడు. నెలన్నర ఆటో ఆగితే వాళ్ళు ఇంకో ఆటోకి అలవాటుపడతారు, మళ్ళీ ఇతని మొహం చూడరు. అదీ అతని దిగులు.

"అడగాలంటే నాకు హక్కుండాలిగా బాబాయ్. అసలు ఇట్టాంటివాటికి చట్టం ఉందా?" అన్నాడు అయూబ్ మెల్లగా.

రోశయ్యకి ఆరెకరాల మిరప, అరవై ఏళ్ళ వయసు, ఎవరూ అడక్కపోయినా చెప్పే అలవాటు. ఇప్పుడు అడిగారు కూడా. ఇంక ఆగుతాడా?

"చట్టం ఉందా అంటాడేందిరా వీడు! మాబూబీ, ఇంకో టీ పొయ్యి, అల్లం బాగా దంచి వెయ్యి. రెండేళ్ళ కిందట నేను టీవీఎస్ మీద పురుగుమందు డబ్బా పెట్టుకుని ఇదే రోడ్డున వస్తున్నా. ఎవడో మహానుభావుడు సగం రోడ్డు దాకా కాయ ఆరబోసి చుట్టూ బండరాళ్ళు పేర్చాడు. చక్రం రాయికి కొట్టుకుంది, నేను పడ్డా, మోకాలు గీరుకుపోయింది. అంతే. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పను, అబద్ధమంటే నాకు ఒళ్ళు మంట. ఇంకోడైతే ఇంత పసుపు అద్దుకుని ఇంటికెళ్ళి పడుకునేవాడు. నేను ఆ రకమా? ఆ రాయిని చంకలో పెట్టుకుని తిన్నగా ఒంగోలు కోర్టుకెళ్ళా."

"రాయినా?" అన్నాం మేం.

"రాయినే. నలభై కేజీలు తక్కువుండదు. బండి దెబ్బతింది కదా, నడిచే వెళ్ళా."

"ఒంగోలు నలభై కిలోమీటర్ల పైమాటే అన్నా," అంది మాబూబీ.

"మధ్యలో ఒకచోట ఆగి సోడా తాగాన్లే. అడ్డం రాకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ప్లీడర్ని పెట్టుకోమన్నారు. ఎందుకూ? పడింది నేను, నొప్పి నాది, నోరు నాది. నేనే నిలబడ్డా. జడ్జి గారు కళ్ళద్దాల పైనుంచి చూసి, 'ఏమయ్యా, పోలీసు స్టేషనుకి పోకుండా ఇక్కడికొచ్చావేం?' అన్నారు. 'అయ్యా, దొంగతనమో కొట్లాటో అయితే నేరం, జైలు, అది పోలీసుల పని. ఇది టార్టు, అంటే నష్టపరిహారం ఇచ్చుకోవాల్సిన తప్పు. వాడు నా మీద పగతో చెయ్యలా, ఒళ్ళు దగ్గర పెట్టుకోక చేశాడు. వాణ్ణి జైల్లో వేస్తే నా మోకాలు మానుద్దా? చెడగొట్టినోడు బాగుచెయ్యాలి, నా గోలంతా అదే,' అన్నా. జడ్జి గారు కుర్చీలోంచి ఇంతెత్తున లేచారు. పెన్ను కింద పడిపోయింది, ఆయన చూసుకోలా."

"పగ లేకపోయినా అడగొచ్చా బాబాయ్?" అన్నాడు అయూబ్.

"భేషుగ్గా! కావాలని చెయ్యలేదండీ అంటే కుదరదు. నిర్లక్ష్యం అనేదే అందుకురా పుట్టింది. సరే, వాయిదా పడింది. రెండో వాయిదాకి ఆ రాళ్ళ ఆసామి పన్నెండు మంది ప్లీడర్లని దించాడు. నల్లకోట్లతో హాలు మిట్టమధ్యాహ్నం చీకటైపోయి లైట్లేశారు. మొదటి ప్లీడరు లేచి, 'రైతుకీ రోడ్డున పోయేవాడికీ ఏం సంబంధం? వీడి పేరు కూడా మా ఆసామికి తెలీదు,' అన్నాడు. నేనన్నా, 'పేరు తెలియక్కర్లేదు బాబూ. రోడ్డంటూ ఉన్నాక ఎవడో ఒకడు వస్తాడని తెలుసుగా? నా రాయి ఎవడి కాలికి తగలొచ్చో వాడు నాకు పొరుగువాడి కింద లెక్క. వాడి ఎముక విరక్కుండా చూడ్డం నా బాధ్యత.' ఆ మాటకి ఆ ప్లీడరు కోటు విప్పి మడతపెట్టి బస్టాండుకి వెళ్ళిపోయాడు."

"తొందరగా బస్సు దొరికిందా?" అని మాబూబీ పాలు తిరగబోస్తూ అడిగింది.

"దొరక్కేం! రెండోవాడు లేచాడు. 'ఈ జిల్లాలో అందరూ రోడ్డు మీదే ఆరబోస్తారు, మా ఆసామి ఒక్కడే చేశాడా?' అన్నాడు. 'ఊరంతా గోచీ కూడా లేకుండా తిరిగితే నువ్వూ తిరుగుతావా?' అన్నా. పదిమంది చేసినంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు. బుద్ధున్న మనిషైతే ఆ చోట ఏం చేస్తాడు, అదే కొలబద్ద. ఆ మాట కూడా చాలదని, రుజువు కింద తీసుకెళ్ళిన తేజ రకం మిరపకాయ బస్తా మూతి విప్పా. అంతే! హాలంతా తుమ్ములు. బంట్రోతు తుమ్మితే తలపాగా పోయి ఫ్యాను రెక్కకి చుట్టుకుంది. ఆ తుమ్ముల గాలికి చీరాలలో సముద్రం రెండు గజాలు వెనక్కి పోయింది, పడవలన్నీ ఇసకలో కూర్చున్నాయి. జడ్జి గారైతే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు."

"వాదనకా, కాయ ఘాటుకా?"

"వాదనకే మాబూబీ! ఘాటుకొచ్చే నీళ్ళు వేరు, నాకు తెలీదా?" అని రోశయ్య కసిరాడు.

అయూబ్ కట్టుకట్టిన చేతిని ఒళ్ళో సర్దుకున్నాడు. "ఒకటి చెప్పు బాబాయ్. కాయ ఉన్నప్పుడైతే సరే. కాయ ఎత్తేసి, రాళ్ళు మాత్రం తియ్యకుండా వదిలేసిపోతే?"

"ఓరి నీ! అది ఇంకా ఘోరంరా! కాయుంటే ఎర్రగా దూరం నుంచే కనపడుద్ది. ఒట్టి రాయి రోడ్డు రంగులో కలిసిపోయి ఉంటది, చీకట్లో దేవుడికైనా కనపడదు. కాయ మీదున్న ప్రేమ మనిషి మీద లేకపోతే ఎట్టా? అట్టాంటోణ్ణి ఒక్క క్షణం కూడా వదలకూడదు!" రోశయ్య మొహం ఎర్రబడింది. నిజంగానే కోపం వచ్చింది ఆయనకి. "నీకు జరిగింది అట్టానేనా?"

"అట్టానే."

"అయితే నీ కేసు నా కేసుకంటే గట్టిది. విను. మూడోవాడు లేచి ఏమన్నాడో తెలుసా? 'రాయి వల్ల పడలేదు యువరానర్, కుక్క అడ్డమొస్తే పడ్డాడు,' అన్నాడు. చూశావా తెలివి? తప్పు జరిగితే చాలదు, ఆ తప్పు వల్లే దెబ్బ తగిలిందని తేలాలి. నేనేం చేశానో తెలుసా? ఆ రాత్రికి రాత్రి పద్నాలుగు ఊళ్ళు తిరిగి ఆ కుక్కని పట్టుకొచ్చి సాక్షి బోనులో నిలబెట్టా. జడ్జి గారు దానివైపు చూశారు, అది జడ్జి గారివైపు చూసింది. తర్వాత బోను దిగి, మిగిలిన పదకొండు మంది ప్లీడర్ల కాళ్ళ మధ్య నుంచి తిన్నగా ఆ రాయి దగ్గరికి పోయి, కాలెత్తి పని కానిచ్చింది. 'చూశారా యువరానర్! దీనికి ఈ రాయి రోజూ అలవాటు. అంటే ఎన్నాళ్ళ నుంచి రోడ్డు మీద పడి ఉందో ఆలోచించండి,' అన్నా. కుక్కకి బిస్కెట్టు పెట్టమని ఆర్డరైంది."

మేం నవ్వుతుంటే రోశయ్య ఇంకా రెచ్చిపోయాడు.

"ఆఖరువాడు లేచి, 'ఇతను మాత్రం చూసుకుని రావొద్దా?' అన్నాడు. 'నా తప్పు పావలా వంతు ఉంటే పావలా వంతు కోసుకోండి, మిగతా ముప్పావలా వాడి నెత్తినే ఉంటది,' అన్నా. ఇంక మాట లేదు. జడ్జి గారు బల్ల దిగొచ్చి నా చేతులు పట్టుకుని, 'రోశయ్య గారూ, ఇంతకాలం మీరెక్కడున్నారండీ?' అన్నారు. మర్నాడు ఢిల్లీ నుంచి ఫోను. పెద్ద జడ్జీలంతా ఒక విమానం పంపిస్తాం, వచ్చి నాలుగు పాఠాలు చెప్పి పొమ్మన్నారు. కాయ కోత టైములో ఎట్టా కుదురుద్ది, వాళ్ళనే రమ్మన్నా. వచ్చారు. మా చేలో గట్టు మీద కూర్చుని రాసుకున్నారు. ఆ తీర్పు దెబ్బ ఎట్టాంటిదంటే, అప్పట్నుంచి నా టీవీఎస్ చప్పుడు వినపడితే చాలు, రోడ్డు మీద రాళ్ళు వాటంతటవే దొర్లుకుంటూ పక్కకి పోతున్నాయి!"

"అందుకేనా బాబాయ్," అన్నాడు అయూబ్, "మంగళవారం మీ కాయ ఎత్తాక రాళ్ళు తియ్యకుండా వచ్చేసింది? అవే దొర్లుకుంటూ పోతాయని?"

రోశయ్య గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగింది.

"నా రాళ్ళా?"

"మీవే. పొద్దున మీ ఇంటి నుంచి మాణిక్యమ్మ పిన్ని పాలు తీసుకుని మా ఇంటికొచ్చింది. చెయ్యి చూసి ఏడ్చింది. కాయ మూటలు ఇంటికి చేరాయి, రాళ్ళు మీ బాబాయ్ తీస్తానన్నాడు, తీశాడో లేదోరా, నాకు అనుమానంగా ఉంది అంది. నేను మా తమ్ముణ్ణి పంపి చూపించా. ఇంకా నాలుగు రాళ్ళు అక్కడే ఉన్నాయి. పెద్దవాళ్ళు మీరు, ఎట్టా అడగాలో తెలీక కూర్చున్నా. మీరే అడగరా అన్నారు."

రోశయ్య నోరు తెరిచాడు. అందరూ చేస్తున్నదేగా అనబోయాడు, ఆపేశాడు. కావాలని చేశానా అనబోయాడు, అదీ మింగేశాడు. తప్పించుకునే దారులన్నీ ఆయనే వరసగా మూసుకుంటూ వచ్చాడు. చివరికి కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"తీద్దామనే అనుకున్నారా. చీకటి పడింది. పొద్దున చూద్దాంలే అనుకున్నా. మర్చిపోయా," అన్నాడు. గొంతు బాగా తగ్గింది. "ఆ కేసు కూడా నేను వాదించలా. ఒంగోలు వెళ్ళింది మాత్రం నిజం. మా బావమరిది సరిహద్దు గొడవలో సాక్షిగా పిలిచారు. నా వంతు రాలా. పొద్దుట్నుంచి వెనక బెంచీలో కూర్చుంటే పక్క కేసులో ప్లీడరు ఇదంతా చెప్తున్నాడు. బాగుందని విన్నా."

మాబూబీకి ఆయన్ని చూస్తే జాలేసినట్టుంది. "పోనీలే అన్నా. నడిచెళ్ళింది కోతే, కుక్క కోతే, సముద్రం కోతే. ఆ చట్టం ముక్క కూడా కోతేనని ఒక్క మాట అనేస్తే సరిపోతుందిగా. నిన్నెవరు పట్టుకుంటారు?" అంది.

మేమంతా ఆయన వంక చూశాం. అయూబ్ తలెత్తలేదు, కట్టు అంచున వేలాడే దారం పీకుతున్నాడు. ఆ ఒక్క మాట మీదే అతని సీజనంతా ఉంది.

రోశయ్య చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"లేదు మాబూబీ," అన్నాడు. "అదొక్కటీ నిజం."

ఆ తర్వాత రోశయ్య జరిగి అయూబ్ పక్కన కూర్చున్నాడు. "ఆసుపత్రి ఖర్చు నాది, అది వేరే చెప్పక్కర్లేదు. ఇంకేం కావాలో అడుగు."

"నా ఆటో ఆగకూడదు బాబాయ్. ఆ ఆరుగురూ పోకూడదు."

"నేను నడుపుతా."

"మీకు ఆటో వచ్చా?"

"వచ్చురా! వయసులో ఉన్నప్పుడు మూడేళ్ళు దర్శిలో ఆటో నడిపా. లైసెన్సుంది. ఏటా మర్చిపోకుండా... సరే, గడువు అయినప్పుడల్లా రెన్యువల్ చేయిస్తా."

ఎవరూ నమ్మలేదు. రోశయ్య చొక్కా జేబులోంచి పర్సు తీసి కార్డు బల్ల మీద పెట్టాడు. మేం ఒకరి చేతిలోంచి ఒకరం తీసుకుని చూశాం. మాబూబీ చెయ్యి తుడుచుకుని మరీ వెలుతురుకి పట్టి చూసింది. ఫొటో ఆయనదే. తేదీ కూడా దాటలేదు.

అయూబ్ మొహంలో రెండ్రోజుల తర్వాత నవ్వు కనిపించింది. ఎడమచేత్తో తాళంచెవి తీసి ఇచ్చాడు. "రేపు ఐదింటికి, పాలకేంద్రం దగ్గర. సమీరక్క వాళ్ళు ఆలస్యమైతే అరుస్తారు. దార్లో కథలు చెప్పమాక బాబాయ్, రోడ్డు చూడు."

"చెప్పనులేరా," అని రోశయ్య లేచాడు. చీకటి పడకముందే ఆ నాలుగు రాళ్ళూ తియ్యాలి. ఆయన వెనకే మేమూ కదిలాం.